మత్తడి దుంకినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?

నర్సంపేటలో నాకో చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ అప్లికేషన్లు, కలర్ ప్రింట్లు, లామినేషన్, పెళ్ళిళ్ళ సీజన్‌లో కార్డుల డిజైన్ కూడా. 2024 జనవరిలో ఒకరోజు షట్టర్ దించే టైముకు ఒకాయన పెన్‌డ్రైవ్ తీసుకొచ్చి, ఒక రిసార్టు బ్రోచర్ ఇరవై కాపీలు కావాలన్నాడు. మందం కాగితం, రెండు వైపులా కలర్. మొదటి కాపీ మిషన్లోంచి బయటకు వస్తుంటే చూశాను. అది మా ఊరి చెరువు.

ఫోటో డ్రోన్‌తో తీసినట్టుంది. చెరువు నిండుగా, నీలంగా ఉంది. (మా చెరువు నేను పుట్టిన కాడి నుంచి నీలంగా లేదు, చాయ్ రంగులోనే ఉంటుంది.) ఒడ్డు పొడుగునా ఇరవై నాలుగు కాటేజీల బొమ్మలు, మధ్యలో స్విమ్మింగ్ పూల్, నీళ్ళ మీదికి ఒక చెక్క వంతెన, పక్కన పెళ్ళిళ్ళకు లాన్. కింద "పాకాలకు అరగంట, రామప్పకు గంటన్నర, ఏడాది పొడుగునా నిండు చెరువు" అని రాసి ఉంది. పూల్ గీసిన చోటు నాకు బాగా తెలుసు. వానలు మంచిగా పడ్డ ఏడాది అక్కడ నడుము లోతు నీళ్ళుంటాయి. చిన్నప్పుడు బర్రె తోక పట్టుకొని నేను ఈత నేర్చుకున్నది అక్కడే. అంటే పూల్ ముందు నుంచే ఉంది, టైల్స్ లేవు అంతే.

గిరాకీవాళ్ళ కాగితాలు దాచుకోవడం మా పనిలో పెద్ద తప్పు. దాచుకోలేదు. కానీ మూడో కాపీ మీద ఇంకు చారలు పడ్డాయి. పాడైన కాపీని ఎవరూ తీసుకుపోరు కదా, అది నా డ్రాయర్‌లో పడింది.

ఆ ఆదివారం దాన్ని పట్టుకొని ఊరికి పోయాను. ఊళ్ళో అందరికీ అప్పటికే తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది. చెరువు పడమటి ఒడ్డున ఎనిమిది ఎకరాలు కొన్నారట. కొన్నాయన హైదరాబాద్‌లో ఉంటాడు కానీ మూలం మన దగ్గరే. పట్టా భూమి, రిజిస్ట్రేషన్ అయింది, దొంగతనమేమీ లేదు. మా తమ్ముడు మహా హుషారుగా ఉన్నాడు. మాకు అటుపక్కన ముప్పై గుంటల చెలక ఉంది. దానికి రేటు పెరిగింది.

"నీకు నర్సంపేటల షాపున్నదక్కా. నాకేమున్నది? రేపు ఆ గేటు కాడ కొబ్బరిబొండాల బండి పెట్టుకున్నా నా పిల్లలు బతుకుతరు" అన్నాడు.

"చెరువుల కడుతరారా?"

"లక్నవరంల కట్టలేదా? నువ్వు పోయి వేలాడే వంతెన మీద ఫోటోలు దిగలేదా?"

దిగాను. అబద్ధమెందుకు, బాగుంది కూడా. అందుకే ఈ విషయంలో నేను మొదటి రోజు నుంచి రిసార్టే వద్దన్నదాన్ని కాదు. వాడి మాటలో న్యాయముంది. మా ఊరి పిల్లలు డిగ్రీ చదివి ఘట్‌కేసర్ గోడౌన్లలో డబ్బాలు మోస్తున్నారు. ఊరి కాడనే పని దొరికితే ఎవరికి చేదు?

మాట్లాడింది బాపు. మా బాపు నీరటి. ఇప్పుడా పేరుతో జీతం లేదు, ఆయన తర్వాత ఇంకెవరూ ఉండరు కూడా, కానీ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ కాల్వకు ఎన్ని గంటలు వదలాలో ఆయకట్టు రైతులు ఇప్పటికీ ఆయన్నే అడుగుతారు. బ్రోచర్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూశాడు.

"ఇది ఏ నెల ఫోటో?"

"తెల్వది బాపూ."

"కార్తీకం. మార్చిల ఇట్ల ఉండది. ఏడాది పొడుగునా గిట్లనే కనపడాల్నంటే తూము ముయ్యాలె. మూస్తే కింద యాసంగి ఎట్ల?"

ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని మాటలు విన్నా, అసలు సంగతి ఇంత సూటిగా ఇంకెవరూ చెప్పలేదు. చూడ్డానికి వచ్చేవాళ్ళకు నిండిన చెరువు కావాలి. మా పొలాలకు ఖాళీ అయ్యే చెరువు కావాలి. ఖాళీ అయినప్పుడే వరి పండుతుంది, చేపలు పట్టేవాళ్ళ వలకు చేప దొరుకుతుంది, శిఖంలో, అంటే చెరువు లోపలి భూమిలో, నీళ్ళు దిగిన చోట నాలుగు గింజలు పండుతాయి.

సరే, అభ్యంతరం చెప్పాలి. ఎక్కడ?

టీవీలో చూసి నాకున్న ఊహ ఏంటంటే, టెంటు వేసి, కుర్చీలు వేసి, మైకు పెట్టి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతారని. ఆ రోజు లేచి మాట్లాడటానికి రెండు పేజీలు టైప్ చేసి కూడా పెట్టుకున్నాను. హన్మకొండలో వకీలుగా ఉన్న మా మేనమామ కొడుకు ఆ కాగితం చదివి నవ్వాడు.

"మైకు రాదు మరదలా. 2006 నోటిఫికేషన్ ప్రకారం కట్టుబడి 20,000 చదరపు మీటర్లు దాటితేనే పర్యావరణ అనుమతి కావాలె. దాటినా భవనాల కేటగిరీకి ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. వీళ్ళది ఇరవై నాలుగు కాటేజీలు. మూడు వేలు కూడా కాదు."

చిత్తడి నేలల చట్టం అని ఒకటుందట కదా అన్నాను. ఉంది. 2017 రూల్స్. వాటిలో సాగునీటి కోసం మనుషులు కట్టిన చెరువులు రావని రాసి ఉందట. మనుషులు కట్టింది కాబట్టి లెక్కలోకి రాదన్నమాట. కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతంలో ఉన్న చెరువులన్నీ మనుషులు కట్టినవే. గణపతిదేవుడి కాలంలో కట్టిన పాకాలతో సహా. అభయారణ్యం పక్కన ఉంటే వేరే నిబంధనలున్నాయి, ఒక కిలోమీటరు లోపల కొత్త హోటళ్ళు, రిసార్టులు కుదరవని ఆ నోటిఫికేషన్లలో రాస్తారు. మా ఊరు అడవికి దూరం. ఏ చట్టం పేరు చెప్పినా అది మా చెరువు పక్కనుంచి దారి చూసుకొని వెళ్ళిపోయింది.

"ఒకటే మిగిలింది. ఎఫ్‌టీఎల్" అన్నాడు బావ. చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు. జీవో 168, 2012ది. ఆ అంచు లోపల ఏదీ కట్టొద్దు. అంచు నుంచి, చెరువు 10 హెక్టార్లు దాటితే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఖాళీ వదలాలి. మా చెరువు నీళ్ళు డెబ్భై ఎకరాల పైనే, కాబట్టి 30.

"మరి ఆ అంచు ఎక్కడుంది?"

"అదే నువ్వు కనుక్కోవాలె."

సమాచార హక్కు దరఖాస్తులు నేను జనానికి ఎన్నో టైప్ చేసి పెట్టాను, నా పేరుతో ఎప్పుడూ వేయలేదు. మూడు వేశాను. మన తెలంగాణలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆ పైవాటికి 10. ఇలాంటి పని ఎవరికైనా పడితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: "ఎందుకు అనుమతి ఇచ్చారు?" అని అడగొద్దు. ఎందుకు అన్నదానికి జవాబు ఇవ్వక్కర్లేదని తప్పించుకుంటారు. "ఫలానా కాగితం నకలు ఇవ్వండి" అనే అడగాలి. నేను అడిగినవి ఇవీ: చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు, అందులో మునిగే సర్వే నంబర్లు, మత్తడి (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు) ఎత్తు రికార్డు, ఆ ఎనిమిది ఎకరాల నాలా మార్పిడి (సాగు భూమిని వేరే అవసరాలకు మార్చే) ఉత్తర్వు, 1954-55 నాటి పాత భూమి రికార్డు ఖాస్రా పహాణీలో ఆ నంబర్ల పేజీ, టిప్పన్ (సర్వే కొలతల నక్షా), పంచాయతీ అనుమతి ఇస్తే దాని నకలు.

ఫిబ్రవరి మొదటి వారంలో పోస్టు చేశాను. అదే వారం సర్పంచుల గడువు అయిపోయి పంచాయతీల్లో ప్రత్యేకాధికారులు వచ్చారు. పాత సర్పంచు "ఇప్పుడు నాకేం సంబంధం బిడ్డా" అన్నాడు, కొత్త అధికారికి నాలుగు ఊళ్ళు, మా ఊరు ఎటుందో తెలిసేసరికి నెల పట్టింది. గ్రామం నుంచి వచ్చిన జవాబు: మా వద్ద లేదు. ఒక ఆఫీసు నా దరఖాస్తును ఇంకో ఆఫీసుకు బదిలీ చేసింది. ఆ రెండో ఆఫీసు ముప్పై రోజులూ ఏమీ అనలేదు. అప్పీలు వేస్తే, లోక్‌సభ ఎన్నికలు, సిబ్బంది అంతా ఆ డ్యూటీలోనే అన్నారు. అబద్ధం కాదు, మే 13 దాకా ఎవరి కుర్చీలో ఎవరూ లేరు.

వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకొని వైజాగ్‌లో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి పోయాం. చెరువు గొడవ మరిచిపోదామని పోతే అక్కడా అదే గొడవ. రుషికొండ బీచ్‌లో నిలబడి చూస్తే కొండకు ఒక పక్క చెక్కేసి ఉంది. ముందు అక్కడ టూరిజం వాళ్ళ రిసార్టు ఉండేదట. దాని చోట కొత్తది కట్టడానికి 2021లో కేంద్రం తీరప్రాంత అనుమతి ఇచ్చింది 9.88 ఎకరాలకు. హద్దు దాటి తవ్వారని కేసులు హైకోర్టు దాకా, సుప్రీంకోర్టు దాకా పోయాయి. ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆడబిడ్డ భర్తకూ వాళ్ళ తమ్ముడికీ పెద్ద వాదన. ఒకాయన టూరిజం లేకపోతే వైజాగ్ ఎలా పెరుగుతుంది అంటాడు, ఒకాయన కొండ పోయాక చూడ్డానికి ఏముంటుంది అంటాడు. మా తమ్ముడూ నేనూ కోస్తా యాసలో పోట్లాడుకుంటున్నట్టు అనిపించింది.

ఆ వాదనలోనే నాకు పనికొచ్చే ముక్క ఒకటి దొరికింది. సముద్రానికీ ఒక గీత ఉందట. పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత. తీరంలో ఏం కట్టొచ్చో చెప్పే సీఆర్‌జెడ్ నిబంధనల్లో దూరాలు దాని నుంచే కొలుస్తారు. 1991లో మొదటి నోటిఫికేషన్ వచ్చింది, 2011లో మారింది, 2019లో మళ్ళీ మారింది. ఇప్పుడు పల్లె తీరాల్లో జనం పలుచగా ఉంటే గీత నుంచి 200 మీటర్లు కట్టొద్దు. చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువుంటే 50 మీటర్లు చాలు. జనం ఎక్కువుంటే సముద్రం ఎందుకు వెనక్కి తగ్గుతుందో నాకు అర్థం కాలేదు, వాళ్ళకూ కాలేదు. కానీ కనీసం గీత గీయడానికి చెన్నైలో ఒక జాతీయ కేంద్రం ఉంది. కేరళలో వేంబనాడ్ కాయల్ దీవి మీద 54 విల్లాల రిసార్టు ఈ నిబంధనలు దాటి కట్టారనే 2020లో సుప్రీంకోర్టు కూల్చమంది, 2022లో కూల్చడం మొదలైంది. కట్టక ముందే గీత చూసుకుంటే ఆ సిమెంటూ డబ్బూ అన్నీ మిగిలేవి కదా.

సముద్రానికి ఆటుపోట్లు రోజూ. మా చెరువుకు ఏడాదికి ఒకసారి. వానాకాలం పోటు, ఎండాకాలం ఆటు. తేడా అంతే అనుకుంటూ తిరిగి వచ్చాను.

జూన్ చివర్లో అప్పీలు మీద పిలిచారు. ఆ అధికారి మర్యాదగానే మాట్లాడాడు, పదిహేను రోజుల్లో ఇవ్వమని కింది వాళ్ళకు చెప్పాడు. పదకొండు పేజీలు వచ్చాయి. పేజీకి 2 రూపాయలు, మొత్తం 22 కట్టాను. జిరాక్స్ షాపు నడిపే నేను జిరాక్సుకు డబ్బులు కట్టడం అదే మొదటిసారి. పైగా అవి మసకగా ఉన్నాయి, డ్రమ్ము మార్చాల్సిన మిషన్.

వాటిలో రెండు సంగతులు తేలాయి. ఎనిమిది ఎకరాల్లో ఐదున్నర మామూలు మెట్ట. మిగిలిన రెండున్నర ఖాస్రా పహాణీలో "శిఖం" అని ఉంది, తర్వాత ఎప్పుడో పట్టా అయింది. శిఖం పట్టా అంటే నీళ్ళు దిగాక సాగు చేసుకోవచ్చు, అంతవరకే. నాలా మార్పిడి మాత్రం ఎనిమిదికీ కలిపి అయింది. రెండో సంగతి, ఎఫ్‌టీఎల్ మ్యాపు తయారు కాలేదు. మత్తడి ఎత్తు రికార్డు మాత్రం పాత మెమోయిర్ (ఇరిగేషన్ వాళ్ళ చెరువుల రికార్డు) పేజీలో ఒక అంకెగా ఉంది.

సోమవారం ప్రజావాణిలో ఇరవై ఆరు సంతకాలతో అర్జీ ఇచ్చాం, ఉమ్మడి సర్వే చేయించాలని. సంతకాల్లో చేపల సొసైటీవాళ్ళవి పన్నెండు. ఆడవాళ్ళవి తొమ్మిది, ఎందుకంటే బొమ్మలో కాంపౌండ్ వాల్ సరిగ్గా మేము బతుకమ్మ వేయడానికి నీళ్ళలోకి దిగే బాట మీద గీసి ఉంది. ఆ ఒక్క విషయం చెప్పగానే, ఎటూ తేల్చుకోని మా చిన్నమ్మలు కూడా పెన్ను అందుకున్నారు. మా తమ్ముడు సంతకం పెట్టలేదు. నేనూ అడగలేదు.

మామూలుగా అయితే ఆ అర్జీ ఎన్నాళ్ళు పడుకునేదో. కానీ జులైలో హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా అనే సంస్థ వచ్చింది. ఆగస్టులో చెరువుల్లో కట్టిన పెద్ద పెద్దవి కూలుతుంటే రాత్రీ పగలూ టీవీల్లో అవే. ఎఫ్‌టీఎల్ అనే మాట చాయ్ బండ్ల దాకా వచ్చింది. మా షాపుకు వచ్చే ముసలాయన ఒకడు తన ఇంటి పట్టా ఇచ్చి "ఇది ఎఫ్‌టీఎల్ల ఉన్నదేమో చూడు బిడ్డా" అన్నాడు. ఆయన ఇల్లు గుట్ట మీద. ఏదైతేనేం, ఆగస్టు మూడో వారంలో సర్వే బృందం వచ్చింది. సర్వేయర్, ఇరిగేషన్ ఇంజనీరు (ఏఈ), రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఇద్దరు చైన్‌మెన్. రిసార్టు తరఫున ఒక సూపర్‌వైజర్. మిగతా ఊరంతా.

ఎఫ్‌టీఎల్ పట్టే పద్ధతి వినడానికి తేలిక. మత్తడి పైభాగం ఎంత ఎత్తులో ఉందో మిషన్‌తో పట్టి, అదే ఎత్తు ఒడ్డు చుట్టూ ఎక్కడెక్కడ నేలను తాకుతుందో గుర్తులు పెడతారు. వాళ్ళు మత్తడి మధ్యలో కర్ర నిలబెట్టి లెవెల్ తీశారు. ఆ లెక్కన గుర్తులు పెడితే రిసార్టు భూమిలో అర ఎకరం మాత్రమే లోపలికి వచ్చింది. పూల్ బయటే పడింది. సూపర్‌వైజర్ ఎవరికో ఫోన్ చేసి నవ్వుతున్నాడు.

నేను మెమోయిర్ పేజీ చూపించాను. అందులో అంకె ఎక్కువుంది సార్ అన్నాను. ఏఈ చూసి, "పాత రికార్డమ్మా, అప్పటి బెంచి మార్కు ఇప్పుడు దొరకదు. దేని నుంచి కొలవాలి?" అన్నాడు. ఆయన అన్నదీ కరెక్టే. బాపు ఏమీ మాట్లాడలేదు. కట్ట మైసమ్మ గద్దె దగ్గర కూర్చొని బీడీ కాల్చుకుంటున్నాడు. నాకు కోపం వచ్చింది. ఎప్పుడూ అన్ని మాటలు చెప్పే మనిషి ఇవాళ నోరు విప్పడేంటి?

ఆగస్టు 31 రాత్రి వాన మొదలైంది. సెప్టెంబర్ 1 ఆదివారం, ఇంటికన్నె దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగిన రోజు. మా చెరువు ఆ పొద్దున మత్తడి దుంకింది. పదకొండింటికి తమ్ముడు వీడియో పంపాడు. పూల్ గీసిన చోట నీళ్ళు, బోర్డు పాతిన ఇనుప గుంజ సగం దాకా మునిగి ఉంది. అది నేను ఊరి గ్రూపులో పెట్టాను. సూపర్‌వైజర్ కూడా ఆ గ్రూపులో ఉన్నాడు, వెంటనే జవాబు పెట్టాడు: ఇది వరద, వరద మట్టం ఎఫ్‌టీఎల్ కాదు. నిజమే. మత్తడి మీద నీళ్ళు దుంకుతున్నంతసేపు అంచు అసలు గీత కంటే పైనే ఉంటుంది. నాకు నోట మాట రాలేదు.

మూడో రోజు పొద్దున్నే ఐదింటికి బాపు ఫోన్ చేశాడు. "ఫోన్‌ల ఛార్జింగు పెట్టుకొని రా. సుతిలి, ముప్పై కట్టెలు తేవాలె."

బండి మీద పోయేసరికి ఆయన మత్తడి ఉత్తరం కొసన, లంటానా పొదలు కొట్టేసి, ఒక నున్నటి బండ పక్కన మోకాలి లోతులో నిలబడి ఉన్నాడు. మత్తడి మధ్య భాగం కంటే ఆ బండ జానెడున్నర ఎత్తుంది. "ఇది అసలు మత్తడి. నడుమల ఉన్నది పగిలినది" అన్నాడు. నీళ్ళు ఆ బండ మీది నుంచి సన్నగా, కాగితమంత పలుచగా జారుతున్నాయి.

"ఇప్పుడు ఇంకో గంటల ఇది ఆరుతది. ఆరిన నిమిషంల నీళ్ళు ఏడున్నయో అక్కడ కట్టె పాతాలె. మిషన్ ఎందుకు, నీళ్ళ కంటే మంచి లెవెలు ఏడుంటది?"

మా తమ్ముడు కూడా వచ్చాడు. నేను పిలవలేదు, బాపు పిలిచాడు. మత్తడి దగ్గర బాపు, పడమటి ఒడ్డున మేమిద్దరం, సొసైటీ పిల్లలు నలుగురు. ఏడు గంటల పన్నెండు నిమిషాలకు బాపు రుమాలు ఊపాడు. పరుగెత్తి నీటి అంచున కట్టెలు పాతాం. ఒక్కో కట్టెకు ఫోటో, టైమూ లొకేషనూ పడేట్టు. అటుపక్క నేల వాలు చాలా తక్కువ. ఎత్తులో జానెడున్నర తేడా, నేల మీద ముప్పై నలభై గజాలైంది. పూల్ లోపలికి వచ్చింది. ముందు వరుస కాటేజీలు తొమ్మిదీ లోపలికి వచ్చాయి. ఇంకా నడుచుకుంటూ పోతే, సుతిలి మా కాక వాళ్ళ మడి దాటి, మా సొంత శిఖం మడిలో ఇరవై గుంటల మీదుగా పోయింది.

తమ్ముడు నా వైపు చూశాడు. "సంబురమాయెనా అక్కా? వాళ్ళను ఆపబోయి మనదే ముంచినవ్."

ఆ ఫోటోలతో మళ్ళీ అర్జీ పెట్టాం. అక్టోబర్‌లో, సద్దుల బతుకమ్మ అయిపోయిన వారానికి, అదే ఏఈ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఉత్తరం కొస బండ మీద కర్ర పెట్టించాడు. మిషన్ గుర్తులకూ మా కట్టెలకూ తేడా ఎక్కడా మూడు అడుగులు దాటలేదు. ఆయన పాతిన కట్టెలను చూసి కాసేపు నవ్వుకొని, తర్వాత సీరియస్‌గా అడిగాడు. "మరి నడుమల మత్తడి ఎవరు పగలగొట్టిన్రు? రిసార్టోళ్ళా?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ వాళ్ళేనేమో అనుకున్నాను, నిజం చెప్పాలంటే అనాలనే అనుకున్నాను.

"మేమే సార్" అన్నాడు బాపు. "పదిహేనేండ్లయింది. శిఖంల వరి ఈనినంక వాన పడ్డది. మునిగిపోతదని రాత్రి ఐదుగురం పోయి గడ్డపారలతోటి తీసినం. నేనే ముందు పోటు వేసిన. నీరటిని కదా, ఎక్కడ వెయ్యాల్నో నాకే తెలుసు."

ఆగస్టులో ఆయన మైసమ్మ దగ్గర ఎందుకు నోరు విప్పలేదో నాకు అప్పుడు అర్థమైంది. ఏఈ ఏమీ రాసుకోలేదు. పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

డిసెంబర్‌లో హద్దు రాళ్ళు పాతారు. గీత మీద ఒక వరుస, 30 మీటర్ల దగ్గర ఇంకో వరుస. రెండున్నర ఎకరాలకు నాలా మార్పిడి రద్దుకు రాశారని విన్నాను, ఉత్తర్వు నేను చూడలేదు. రిసార్టు ఆగలేదు. వెనక్కి జరిగింది. ముందు వరుస తొమ్మిది కాటేజీలు తీసేసి, పూల్‌ను వెనక పెట్టి, కొత్త ప్లాన్‌కు అనుమతి పెట్టుకున్నారు. బతుకమ్మ బాట వదిలారు. గోడ కట్టే పనికి మా ఊరివాళ్ళు పద్నాలుగు మంది పోతున్నారు, అందులో మా తమ్ముడు మేస్త్రీ. కొత్త బ్రోచర్‌కు మాత్రం నా దగ్గరికి రాలేదు, వరంగల్‌లో వేయించుకున్నారు.

ఇప్పుడు గొడవ తూము దగ్గర ఉంది. ఫిబ్రవరిలో రిసార్టు ఆయన స్వయంగా వచ్చి ఆయకట్టు రైతులను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఎండాకాలంలో సగం నీళ్ళు వదిలిపెడితే, బదులుగా బోర్లు వేయిస్తానన్నాడు. మర్యాదగానే అడిగాడు, కొందరు ఒప్పుకునేట్టే ఉన్నారు. ముప్పై మీటర్లకు జీవో ఉంది. తూము ఎప్పుడు ఎత్తాలో దానికి జీవో లేదు, మా బాపు ఉన్నాడు, ఆయనకు డెబ్భై నాలుగు. మార్చి మొదటి వారంలో ఎవర్నీ అడక్కుండా పోయి ఎత్తి వచ్చాడు.

మత్తడి నడుమ భాగం ఇంకా అట్లనే పగిలి ఉంది. పాత ఎత్తుకు కట్టమని అర్జీ ఇస్తే అంచనా తయారైందన్నారు. కడితే మా ఇరవై గుంటలు కార్తీకం దాకా నీళ్ళలోనే ఉంటాయి. తమ్ముడు ఇంకా నాతో సరిగా మాట్లాడట్లేదు. ఈ యాసంగికి రాయి అవతల, నీళ్ళు దిగిన చోట నాట్లు వేశాడు. అది తప్పేమీ కాదు, శిఖం పట్టా అందుకే ఇచ్చారు. కూలోళ్ళకు చాయ్ నేనే తీసుకుపోయాను. తీసుకున్నాడు.

అంచనా కాగితం నకలు ఇవ్వమని మళ్ళీ 10 రూపాయలు కట్టి దరఖాస్తు వేశాను. ముప్పై రోజుల్లో ఇవాళ పంతొమ్మిదోది.